గుండ్లకమ్మ ఒడ్డున: ధాత కరువు, 1878 బాప్తిస్మాలు, నేటి విద్యార్థుల పరిశోధన

గత కొన్నేళ్లుగా బి.డి. విద్యార్థులు సమర్పించే సిద్ధాంత వ్యాసాలను చదివే అవకాశం మాకు కలుగుతూ ఉంది. మేము పండితులం కాము. ముప్పై ఏళ్లకు దగ్గరగా పల్లె సంఘాలలో పరిచర్య చేసిన కాపరులం. అయినా పెద్దలు పిలిచి ఈ పిల్లల రాతలు చూడమన్నప్పుడు కాదనలేకపోయాము. ఈ వ్యాసాల శీర్షికలు నాలుగు మాటల చుట్టూ తిరుగుతున్నాయి: మానవ గుర్తింపు, సమాజం, వెలుగు, పర్యావరణం. ఒకరు ఆదికాండము 1:27 ఆధారంగా దేవుని స్వరూపం గురించి రాస్తారు. ఒకరు దళిత వేదాంతం రాస్తారు. ఇంకొకరు యోహాను సువార్తలో వెలుగు అనే భావాన్ని తీసుకొంటారు. పర్యావరణం తీసుకొన్న వారు దాదాపు అందరూ 1967లో లిన్ వైట్ క్రైస్తవ్యం మీద మోపిన నేరంతో మొదలుపెట్టి, అస్సీసీ ఫ్రాన్సిస్ దగ్గర ముగిస్తారు. ఈ మధ్య 2015 నాటి పోపు ఫ్రాన్సిస్ లేఖ కూడా చేరింది. మంచిదే. కాని ఆ వ్యాసాలలో గుండ్లకమ్మ ఉండదు, బకింగ్‌హాం కాలువ ఉండదు, ధాత కరువు ఉండదు.

ఈ నాలుగు మాటలు మన సంఘ చరిత్రలో నాలుగు వేర్వేరు అంశాలు కావని, ఒకే సంఘటనకు నాలుగు ముఖాలని చూపించటం ఈ వ్యాసంలో మా ఉద్దేశం. ఆ సంఘటన 1878 జూన్, జూలై నెలలలో ఒంగోలు ప్రాంతంలో జరిగిన సామూహిక బాప్తిస్మాలు. దీనికి మమ్మును పురికొల్పినది ఒక విద్యార్థి ప్రశ్న. సంఘ చరిత్ర సెమినారు ముగిశాక అతడు వరండాలో మా దగ్గరకు వచ్చి, మెల్లగా, “అయ్యగారూ, మా పెద్దలు కూటి కోసమే కదండీ కలిసింది?” అన్నాడు. అతనిది ఆ ప్రాంతమే. ఆ మాట అతనితో ఎవరో హేళనగా అన్నారు. దానికి జవాబు అతని దగ్గర లేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు మా దగ్గర కూడా సరైన జవాబు లేదు. మనం ప్రసంగాలలో “2,222 మంది” అని గొంతెత్తి చెబుతాము గాని, వారు ఆ నదిలోనికి దిగకముందు పద్దెనిమిది నెలలు ఏమి తిన్నారో చెప్పము.

కొండ మీద తెల్లవారుజాము

ఒంగోలు చరిత్రను అందరూ వెలుగుతోనే మొదలుపెడతారు. 1840లో శామ్యూల్ డే దొర నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ను స్థాపించారు. పన్నెండు పదమూడేళ్లు గడిచినా ఫలితం చాలా స్వల్పం. 1853లో అమెరికాలోని మిషన్ పెద్దలు ఈ పనిని మూసివేయటం గురించి ఆలోచించారు. ఆ సందర్భంలో శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ రాసిన పద్యం వల్లనే ఈ మిషన్‌కు ఒంటరి నక్షత్రం అనే పేరు నిలిచింది. 1854 జనవరి 1న తెల్లవారకముందే జూవెట్ దంపతులు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అనే ఐదుగురు ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కి, సూర్యోదయ వేళ ఆ ప్రాంతం కోసం ప్రార్థన చేశారు. ఆ ఐదుగురిలో ముగ్గురు తెలుగువారని, ఇద్దరు తెలుగు స్త్రీలని మా తరం కాపరులు తరచుగా మరచిపోతారు. దానినే నేడు ప్రార్థన కొండ అంటున్నాము.

నక్షత్రం, సూర్యోదయం, చీకటిలో ఉన్న జనం. మిషనెరీల నివేదికలన్నీ ఈ పోలికతోనే నడుస్తాయి. డేవిడ్ డౌనీ దొర 1893లో ప్రచురించిన మిషన్ చరిత్రకు నక్షత్రం పేరే పెట్టారు. అమెరికాలో చందాలిచ్చే విశ్వాసులకు ఆ భాష అవసరమై ఉండవచ్చు. కాని పరిశోధన చేసే విద్యార్థి ఆ భాషను అలాగే ఎత్తి రాసుకుంటే చిక్కు వస్తుంది. అవతల ఉన్నదంతా చీకటే అయితే, ఆ చీకటిలో నుండి యెర్రగుంట్ల పేరయ్య ఎలా వచ్చాడు?

పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. బాప్తిస్మానికి ముందే అతడు రాజయోగ మార్గాన్ని అనుసరించి, తన వారి మధ్య గురువుగా పేరు పొందాడు. అతనికి ఉపదేశమిచ్చిన వారిలో ఒక స్త్రీ, వీరమ్మ, ఉన్నది. పోతులూరి వీరబ్రహ్మం తత్వాలు, నాసరయ్య శిష్యుల బోధలు ఆ రోజులలో పల్లె పొలిమేరల్లో వినిపిస్తూనే ఉన్నాయి. విగ్రహారాధన వ్యర్థమని, దేవుడు ఒక్కడేనని, కులం మనిషి విలువను కొలవదని ఆ మార్గాలు ఏదో ఒక మేరకు చెప్పినవే. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్లినప్పుడు పేరయ్య సువార్త విన్నాడు. తాను వెదకుతున్నది ఇదేనని నమ్మాడు. 1866లో అతడు, భార్య నాగమ్మ, జూవెట్ దొర చేత బాప్తిస్మం పొందారు. క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది ఆ తరువాత, సెప్టెంబరులో. అంటే ఒంగోలు ఉద్యమానికి మొదటి బోధకుడు క్లౌ దొర కంటే ముందే పనిలో ఉన్నాడు. 1867 జనవరిలో క్లౌ దొర తాళ్లకొండపాడు వెళ్లేసరికి పేరయ్య మాట విని సిద్ధపడిన వారు అక్కడ ఉన్నారు. ఆ సందర్భంలో ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు.

ఈ వివరాలు మనకు తెలియటానికి కారణం ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. ఈమె సామాజిక సువార్త వేదాంతి వాల్టర్ రౌషెన్‌బుష్‌కు అక్క. డాక్టరేటు పొందిన విదుషీమణి. క్లౌ దొరకు రెండవ భార్య. మాదిగ పెద్దలు చెప్పుకొన్న కథలను కూర్చి 1899లో ఆమె ప్రచురించిన పుస్తకం పేరుకు అర్థం, చెప్పులు కుడుతూ ఉండగా అని. దొరలు చీకటి అని వర్ణించిన కాలంలో ఆ జనం దేనిని వెదకుతున్నారో ఆ పుస్తకంలో కనబడుతుంది. యోహాను 1:9 మీద వ్యాసం రాసే విద్యార్థి గ్రీకు పదాల చర్చకు ఇరవై పేజీలు ఇచ్చి పేరయ్యకు ఒక్క వాక్యం ఇవ్వకపోవటం మాకు బాధ కలిగిస్తున్నది. ప్రతి మనిషిని వెలిగించు వెలుగు అని ఆ వచనం ఎవరి గురించి చెబుతున్నదో, పరీక్షించటానికి ఇంతకన్న దగ్గరి ఉదాహరణ ఏదీ మాకు కనబడదు.

చచ్చిన పశువు, డప్పు, ఆదివారం

అదే 1867 ప్రాంతంలో ఒంగోలులో జరిగిన మరొక సంగతి మన సంఘాలలో అందరికీ తెలిసినదే. పై కులాల కుటుంబాల వారు కొందరు సువార్త వినటానికి ఆసక్తి చూపుతుండగా, మాదిగలు బాప్తిస్మం కోరి వచ్చారు. వీరిని చేర్చుకొంటే వారు రారు. క్లౌ దంపతులు వేర్వేరు గదులలో ప్రార్థిస్తూ బైబిలు తెరవగా ఇద్దరికీ 1 కొరింథీ 1:26–29 కనబడిందని చెబుతారు. ఆ వచనాలు చదివిన వారికి నిర్ణయం ఏమిటో చెప్పనక్కరలేదు. పై కులాల వారు వెనుకకు తగ్గారు.

మేము ఇక్కడ ఆగి చూడమనేది ఆ తరువాత జరిగిన దానిని. బాప్తిస్మం కోరే వారి ముందు క్లౌ దొర ఉంచిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. చూడటానికి ఇవి వ్యక్తిగత భక్తి నియమాలు. పల్లె లోపల నిలబడి చూస్తే వీటి బరువు వేరు. మాదిగ ఇంటికి ఊరిలో ఉన్న స్థానం ఈ మూడింటి మీదనే ఆధారపడి ఉండేది. రైతు గొడ్డు చస్తే దానిని తీసుకుపోవటం అతని విధి. తోలు ఊనటం, చెప్పులు కుట్టటం, బావి నుండి నీరు తోడే కపిల బానలు తయారుచేయటం అతని పని. దేవర జాతరలో డప్పు కొట్టటం అతని వంతు. దానికి ప్రతిగా కళ్లంలో కొంత గింజ, చచ్చిన గొడ్డు మాంసం. అంటే ఊరి పొలానికి నీరు పారించే బాన ఎవరి చేతిలో కుట్టబడిందో, ఆ మనిషి ఆ బావి నీరు తాగటానికి అర్హుడు కాడు. మనిషి గుర్తింపు, నేల, నీరు, పశువు, అన్నీ ఒకే తాడుతో కట్టబడి ఉన్నాయి. ఒక పోగు తెంచితే తాడంతా విప్పుకొంటుంది.

అలాగే జరిగింది. డప్పు కొట్టమని, ఆదివారం పనికి రామని చెప్పిన వారికి ఊరిలో పని ఆగింది. నీళ్లు ఆపిన చోట్లు ఉన్నాయి. కొట్టిన చోట్లు ఉన్నాయి. కరణం, మునసబు కూడా ఊరి పెద్దల పక్షమే. పేదవాడు లాభం కోసం మతం మార్చుకొన్నాడని వాదించే వారు ఈ మొదటి పదేళ్లను లెక్కలోనికి తీసుకోరు. కరువుకు ముందే ఒంగోలు సంఘంలో మూడు వేల మందికి పైగా సభ్యులు ఉన్నారు. వారికి అప్పటికి దొరికినది నష్టమే.

ధాత, ఈశ్వర, బహుధాన్య

1876లో వానలు తప్పాయి. అది ధాత నామ సంవత్సరం కాబట్టి మన పెద్దలు దానిని ధాత కరువు అన్నారు. 1877, ఈశ్వర, కూడా చాలా వరకు అలాగే గడిచింది. పసిఫిక్ మహాసముద్రంలో ఏర్పడే ఎల్ నినో వల్ల ఋతుపవనాలు దెబ్బతింటాయని మనకు ఇప్పుడు తెలుసు. 1877–78 నాటి ఎల్ నినో నమోదైన వాటిలో అత్యంత బలమైన వాటిలో ఒకటి. కాని వాన లేకపోవటం ఒక్కటే మనుషులను చంపలేదు. 1850ల నాటికి గోదావరి, కృష్ణ ఆనకట్టలు పూర్తయి డెల్టాలకు కాలువ నీరు అందింది. అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉన్న ఒంగోలు తాలూకాకు ఆ నీరు లేదు. చెరువు, బావి, వాన, అంతే. నెల్లూరు జిల్లా గుండా అప్పటికి రైలు లేదు. ధాన్యం ఎడ్లబండి మీద రావాలి. మేత లేక ఎడ్లు చస్తే బండి లాగేది ఎవరు? అదే కాలంలో దేశం నుండి ధాన్యం ఎగుమతి ఆగలేదు. వ్యాపారానికి అడ్డు రాకూడదని ప్రభుత్వ సిద్ధాంతం. 1877 జనవరి 1న లిట్టన్ ప్రభువు ఢిల్లీలో మహా దర్బారు జరిపాడు. ఆ నెలలోనే సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చి, కరువు పనులలో కూలిని తగ్గించాడు. రోజుకు ఒక పౌను ధాన్యానికి సరిపడు వెల, దానిపై కొద్ది డబ్బు. కష్టమైన పని చేసే మనిషికి ఇది చాలదని మద్రాసు ఆరోగ్య శాఖాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తరువాత గాని కూలి పెరగలేదు. ఈ కరువులో బ్రిటిషు పాలనలో ఉన్న ప్రాంతాలలోనే యాభై లక్షలకు పైగా జనం చనిపోయారని అంచనా.

ఈ కాలంలో పశువులు గుంపులుగా చచ్చాయి. ఇక్కడ మా విద్యార్థులను మేము ఒక ప్రశ్న అడుగుతుంటాము. ఇంటిలో గింజ లేదు, ఊరి చుట్టూ చచ్చిన గొడ్లు, బాప్తిస్మం పొందిన మాదిగ మాత్రం ఆ మాంసం ముట్టనని మాట ఇచ్చి ఉన్నాడు. ఆ రెండేళ్లు అతడు ఏమి చేశాడు? మాట నిలుపుకొన్న వారు ఎందరు, తప్పిన వారు ఎందరు, తప్పిన వారిని బోధకుడు ఏమి అన్నాడు? ఇది తక్కువ చేసి మాట్లాడటానికి అడిగే ప్రశ్న కాదు. సంఘ క్రమశిక్షణ మీద వ్యాసం రాసే వారు ముందుగా ఈ ఇంటి ముందు నిలబడాలని మా అభిప్రాయం. మేమైతే, ఆ కాలపు కాపరి స్థానంలో ఉంటే, ఆ నియమాన్ని కరువు తీరేదాకా పక్కన పెట్టేవారమని ఒప్పుకొంటాము.

కాలువ సంగతికి వస్తాము. మద్రాసుకు ఉత్తరాన, దక్షిణాన అప్పటికే ముక్కలు ముక్కలుగా ఉన్న సముద్ర తీరపు ఉప్పునీటి కాలువలను కలిపే పని ప్రభుత్వం కరువు పనిగా చేపట్టింది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరే దానికి నిలిచింది. క్లౌ దొర దానిలో మూడున్నర మైళ్ల భాగాన్ని కంట్రాక్టు తీసుకొన్నారు. యౌవనంలో ఆయన అమెరికాలో ప్రభుత్వ సర్వేయరుగా భూములు కొలిచిన మనిషి. ఆ విద్య ఇక్కడ పనికివచ్చింది. ఆయన కంట్రాక్టు తీసుకోవటానికి కారణం తెలుసుకోదగ్గది. ఇతర కరువు పనులలో మాదిగలకు మేస్త్రీల చేతిలో జరిగే అవమానం, కూలిలో కోత, ఆయన విన్నారు. తన బోధకులనే ఓవర్సీర్లుగా పెట్టారు. రాజుపాలెం దగ్గర శిబిరం వెలిసింది. పగలు పారలు, గడ్డపారలు, మట్టి తట్టలు. పని ఆగిన వేళ బోధకులు కూలీల మధ్య కూర్చుని యేసు గురించి మాట్లాడేవారు. ఆ కూలీలలో ఎక్కువ మంది అంతవరకు సువార్త విననివారు, దూరపు పల్లెల నుండి వచ్చినవారు. అజీర్తి చేసిన గంజి, కలరా, వడదెబ్బ వల్ల శిబిరాలలో చావులు మామూలే.

వెలుగు గురించి రాసే విద్యార్థికి ఇక్కడ ఒక మాట. వేదాంతికి వెలుగు ఉపమానం. ఉప్పునేలలో తట్ట మోసే స్త్రీకి వెలుగు అంటే ముందు ఎండ. ధాత కరువులో సూర్యుడు శత్రువు. అందుచేతనే గావచ్చు, కీర్తన 121లో పగటి ఎండదెబ్బ తగలదనే వాగ్దానానికి మన పల్లె విశ్వాసులు పండితుల కంటే ఎక్కువ విలువ ఇస్తారు. వ్యవసాయ కూలి చేసే తల్లులు ఆ వచనాన్ని ఎలా చదువుతారో మేము చాలా ఇండ్లలో విన్నాము.

పదిహేను నెలలు

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు. 1877 మార్చి నుండి 1878 జూన్ వరకు, దాదాపు పదిహేను నెలలు, క్లౌ దొర ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి, గింజ, వైద్యం తన చేతుల మీదుగా పోతున్నంత కాలం, ఎవరు దేనికోసం వస్తున్నారో తేల్చటం అసాధ్యమని ఆయనకు తెలుసు. కోరిన వారు వేలల్లో ఉన్నా ఆపారు. కూటి కోసమే కలిసేవారైతే, కూడు పెట్టే కాలంలో కలవాలి. కాని తలుపు ఆ కాలంలోనే మూసి ఉన్నది.

1878 జూన్ మధ్యలో, సహాయం ముగింపుకు వచ్చిన దశలో, ఒంగోలుకు పది మైళ్ల దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దగ్గర బోధకులను, విశ్వాసులను కలుసుకోవటానికి క్లౌ దొర వెళ్లారు. అక్కడ బాప్తిస్మం కోరే జనం పెద్ద గుంపుగా ఉన్నారు. ఆయన మాట్లాడి పంపివేయాలనే అనుకొన్నారు. వారు కదలలేదు. తమకు సహాయం అక్కరలేదని, కాలువ తవ్వి బొబ్బలెక్కిన తమ చేతులు చూస్తే పనిచేసి బ్రతకగలవారమని తెలుస్తుందని, మరల పంట తప్పితే చనిపోతామని, చనిపోయినా క్రైస్తవులుగానే చనిపోనిమ్మని వారు అడిగినట్లు ఆయన స్మృతులలో ఉన్నది. ఈ మాటలు దొర నోటి గుండా మనకు వచ్చినవే. ఆంగ్లంలో, ముప్పై ఏళ్ల తరువాత. ఆ జాగ్రత్త పరిశోధకుడికి ఉండాలి. అయినా బొబ్బలెక్కిన చేతులను సాక్ష్యంగా చూపటం దొర కల్పించే మాట కాదని మాకు తోస్తుంది. అది పనిచేసేవాడి మాట. తన గుర్తింపును ధర్మం కింద వచ్చిన గింజ మీద కాక తన చేతి పని మీద నిలబెట్టుకొనే వాడి మాట.

బోధకులు తమ తమ పల్లెల వారిని కూర్చోబెట్టి విచారించారు. పనికిరారని తోచిన వారిని వెనుకకు పంపారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజులలో 3,536. జూన్ మధ్య నుండి సంవత్సరాంతం వరకు 9,606. రెండవ రోజున ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకొని నీటిలో నిలబడ్డారు. క్లౌ దొర నీటిలోనికి దిగలేదు. ఉదయం ఆరు గంటల ప్రాంతంలో మొదలుపెట్టి, పదకొండుకు ఎండ తీవ్రత వల్ల ఆపి, మరల రెండు గంటల నుండి అయిదు వరకు కొనసాగించారు. లెక్క వేస్తే ఒక్కొక్కరికి అర నిమిషం కంటె తక్కువ. ఈ లెక్క చూసి మా విద్యార్థులు కొందరు నవ్వారు. నీటిలో గడిపినది అర నిమిషమే. అక్కడికి రావటానికి పట్టినది రెండేళ్లు, కొందరికి పన్నెండేళ్లు.

ఆ సంవత్సరం పేరు బహుధాన్య. పేరు పెట్టిన వారిని ఏమనాలో తెలియదు.

ఇంతకూ జవాబు ఏమిటి? కూటికీ సువార్తకూ సంబంధమే లేదని మేము అనము. ఆకలిగొన్న వానికి గింజ ఇచ్చిన చెయ్యి, అవమానం లేని కూలి ఇచ్చిన చెయ్యి, ఆ వాక్యం చెప్పిన నోరు, అన్నీ ఒకే మనుషులవి. జనం దానిని చూశారు, పోల్చుకొన్నారు, నమ్మారు. మత్తయి 25 చదివే వారు దానిని తప్పుగా ఎందుకు భావించాలి? కాని గింజకు తమను తాము అమ్ముకొన్నారనేది చరిత్ర ప్రకారం నిలవదు. కాలక్రమమే దానిని కాదంటున్నది.

నీరు, కాగితం

సంగతి అక్కడితో ముగిసి ఉంటే ఇది స్మారకోత్సవ ప్రసంగం అయ్యేది. 1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లాలో చీరాలకు దగ్గరనున్న కారంచేడులో ఆరుగురు మాదిగలు హతులయ్యారు. గొడవ మొదలైనది మాదిగలు తాగే చెరువు నీటి దగ్గర. పశువుల కుడితితో నీటిని పాడుచేయవద్దని అడ్డుచెప్పినందుకు. గుండ్లకమ్మలో దిగి నూట ఏడేళ్లయినా తాగే నీటి మీద హక్కు ఇంకా ప్రాణానికి వెలగా ఉన్నది. ఆ తరువాతనే చీరాలలో దళిత మహాసభ రూపొందింది. పర్యావరణ వేదాంతం రాసే విద్యార్థి నీటి కాలుష్యం అనే అధ్యాయంలో కారంచేడును చేర్చవలెనని మేము అన్నప్పుడు, అది సామాజిక అంశం కదా అని ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పారు. నీటిని ఎవరు మలినం చేయవచ్చు, ఎవరు తాగవచ్చు అనేది రెండు శాఖలుగా విడదీసి చూడటం పుస్తకాలలోనే సాధ్యం.

గుర్తింపు సంగతి కాగితం మీదకు కూడా వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కాని వ్యక్తి షెడ్యూల్డు కులస్థుడుగా పరిగణింపబడడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు వచ్చింది. క్రైస్తవులకు, ముస్లిములకు రాలేదు. మతంతో నిమిత్తం లేకుండా ఇవ్వాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను సూచించింది. 2022లో ఈ విషయమై మరొక కమిషను నియమింపబడింది. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులను వెనుకబడిన తరగతులలో సి గ్రూపులో ఉంచి ఒక శాతం ఇచ్చారు. ఫలితంగా బాప్తిస్మం పేరు ఒకటి, బడి రిజిస్టరు పేరు ఒకటి ఉన్న విశ్వాసులు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. దానిని గురించి తీర్పు చెప్పే ముందు, 1878లో దొరకు చేతులు చూపించి గుర్తింపు అడిగిన వారి మునిమనవలు ఇప్పుడు తహసీలుదారుకు కాగితం చూపించి అడుగుతున్నారని గ్రహించాలి. కాపరులుగా మేము ఈ విషయంలో మౌనంగా ఉండి సుఖపడ్డాము. అది మా తప్పు.

కాలువకు మాత్రం ఎవరూ ఊహించని ఫలితం ఒకటి కలిగింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, తీరానికి సమాంతరంగా ఉన్న బకింగ్‌హాం కాలువ అలల నీటిని తనలోనికి తీసుకొని ఆంధ్ర తీరంలో చాలామందిని కాపాడిందని శాస్త్రజ్ఞులు రాశారు. మత్స్యకారుల పల్లెల వారు ఆ కాలువ ఎప్పుడు ఎవరు తవ్వారో ఎరుగరు. తవ్విన వారి సంతానం కూడా ఎక్కువగా ఎరుగరు. ఆదికాండము 2:7లో మనిషికి, నేలకు హెబ్రీ భాషలో ఉన్న పేర్ల పోలికను తరగతిలో వివరించేటప్పుడు మేము ఈ మూడున్నర మైళ్లను గుర్తుచేస్తుంటాము. ఆదాము, ఆదామా. మట్టి తీసినవాడు, మట్టి.

పరిశోధనకు పూనుకొనే వారికి ఆధారాలు లేక కాదు. 1873 నాటి బాస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్ కరువుకు ముందటి ఊళ్లను చూపుతుంది. కరువు మీద 1878లో విలియం డిగ్బీ రాసిన రెండు సంపుటాలు, 1880 నాటి కరువు కమిషను నివేదిక, తోళ్ల వ్యాపారపు లెక్కలు, మిషన్ వార్షిక నివేదికలు ఉన్నాయి. ఇవన్నీ ఆంగ్లంలో ఉన్నవి, అధికారులవి, దొరలవి. రెండవ వైపు పాత సంఘాల రిజిస్టర్లు, సమాధుల మీది పేర్లు, ముసలమ్మల నోటిలో మిగిలిన మాటలు. ఈ రెండవ రకమే త్వరగా పోతున్నది. మా పరిచర్యలో ఒక సంఘపు పాత రిజిస్టరును చెదలు తిన్నాక గాని చూడలేదు. దానికి బాధ్యులం మేమే.

వరండాలో మమ్మును ప్రశ్నించిన విద్యార్థితో మేము కిందటి వేసవిలో వెల్లంపల్లి వెళ్లాము. అదే మద్దిపాడు మండలంలో మల్లవరం దగ్గర 2008లో గుండ్లకమ్మకు జలాశయం ఏర్పడింది. మేము వెళ్లినప్పుడు నదిలో నీరు మోకాలు లోతు కూడా లేదు. అతడు తన నాయనమ్మ చెప్పిన పేర్లు ఒక నోటు పుస్తకంలో రాసుకొని వచ్చాడు, పదకొండు పేర్లు. వాటిలో ఏడు బాప్తిస్మానికి ముందటి పేర్లే. ఎందుకు మార్చుకోలేదో ఆమెకు తెలియదట. అతని సిద్ధాంత వ్యాసం మొదట దేవుని స్వరూపం గురించినది. ఇప్పుడు శీర్షిక మార్చుకోవటానికి కళాశాల అనుమతి కోరాడు. మూడవ అధ్యాయం ఇంకా రాయవలసి ఉన్నది.